ఇంట్లోకి రెండు మాన్యువల్స్ ఆర్గన్: స్టాప్‌లు లెక్కపెట్టకు, పెడల్స్ చూడు

ప్రశ్న: అన్నా, మాది గుంటూరు. ఆరేళ్లుగా ఇంగ్లండ్‌లో లెస్టర్ దగ్గర ఉంటున్నాం, నాది సాఫ్ట్‌వేర్ ఉద్యోగం. ఊళ్లో ఉన్నప్పుడు మా చర్చిలో కీబోర్డ్ వాయించేవాణ్ణి. ఇక్కడ మేం వెళ్లే చిన్న ఆంగ్లికన్ చర్చిలో ఆర్గన్ వాయించే పెద్దాయన మోకాళ్ల నొప్పులతో మానేశారు, నన్ను నేర్చుకోమన్నారు. అది పైపుల ఆర్గన్, 2 మాన్యువల్స్, అంటే చేతులతో వాయించే మీటల వరసలు, కాళ్లతో నొక్కే 30 పెడల్స్. వారానికి ఒక్కరోజే తాళం ఇస్తారు, పైగా లోపల చలికి వేళ్లు కదలవు. ఇంట్లో ప్రాక్టీసుకు డిజిటల్ క్లాసికల్ ఆర్గన్ కొందామని మూడు చూశాను. ఒకటి కొత్తది, 45 స్టాప్‌లు, అంటే ఒక్కోటి లాగితే ఒక్కో రకం నాదం పలుకుతుంది, నాలుగు రకాల స్టైళ్లు (పెడల్ బోర్డు చదునుగా ఉంది). రెండోది ఒక రిటైరైన ఆయన ఇంట్లో ఉన్న 20 ఏళ్ల పాతది, 28 స్టాప్‌లే. మూడోది నేనే రెండు మిడి కీబోర్డులు, ఒక పెడల్ బోర్డు కొని కంప్యూటర్‌తో కలుపుకోవడం. పక్కింటివాళ్లతో ఉమ్మడి గోడ, ఇంట్లో చంటిపాప. ఏది కొనమంటారు? ఎప్పుడైనా దాన్ని గుంటూరు చర్చికి పంపిద్దామని కూడా ఉంది.

సమాధానం: తమ్ముడూ, అన్నా అన్నావు కాబట్టి నువ్వు అనే అంటాను. స్టాప్‌ల లెక్క రెండింటికీ రాశావు గానీ, పెడల్ బోర్డు సంగతి ఒక్కదానికే, అదీ బ్రాకెట్లో పెట్టి రాశావు. అది చదవగానే పాత నేను గుర్తొచ్చాను. ఇంగ్లండ్‌కి వచ్చిన కొత్తలో నేనూ ఇలాగే ఉత్సాహపడి ఒక షాపులో ఇంటి ఆర్గన్ ఒకటి కొన్నాను. రెండు మాన్యువల్సూ ఉన్నాయి, రంగురంగుల బటన్లు, రిథమ్ కూడా ఉంది, కింద 25 పెడల్స్, అవీ చదునుగా. చర్చిలోవి వేరేలా ఉన్నాయి కదా అని అడిగితే పెడల్ అంటే పెడలే సార్ అన్నాడు అమ్మినాయన, నేనూ తలూపాను. ఎనిమిది నెలలు దానిమీదే సాధన చేసి క్రిస్మస్ రోజు చర్చిలో కూర్చున్నాను. చివరి చరణం, గుడి నిండా జనం, అందరూ గొంతెత్తి పాడుతున్నారు, ఆఖరి స్వరానికి కింది జీ మీద దిగాల్సిన నా ఎడమకాలు దాని పక్కనున్న ఎఫ్ షార్ప్ మీద దిగింది. పై వరసలో అయితే ఎవరూ పట్టించుకునేవాళ్లు కాదేమో. పెడల్లో తప్పు స్వరం పడితే బల్లలు కూడా అదురుతాయి. పెద్దవాళ్లు మర్యాదగా అటు తిరిగారు, పిల్లలు మాత్రం పగలబడి నవ్వారు.

అది నా కాలి తప్పు కాదు. ఇంగ్లండ్ చర్చిల్లో ఎక్కువగా కనిపించే పెడల్ బోర్డు విసనకర్రలా విచ్చుకుని ఉంటుంది, పైగా పళ్లెంలా మధ్యలో లోతుగా, రెండు చివర్లా పైకి లేచి ఉంటుంది. 19వ శతాబ్దంలో హెన్రీ విల్లిస్ అనే ఆర్గన్ తయారీదారు దీన్ని వాడుకలోకి తెచ్చాడు. చివరి పెడల్ అందుకోవాలంటే మోకాలు ఎంత తిప్పాలి, మడమ ఎక్కడ ఆనించాలి అన్నది దాని ఆకారాన్ని బట్టే ఉంటుంది. చదును బోర్డు మీద నేర్చిన కాలు అక్కడికి వెళ్తే వేరే ఇంట్లో చీకట్లో స్విచ్ వెతికినట్టే. చదునువి చెడ్డవని కాదు, హాలెండ్ లాంటి చోట్ల చర్చిల్లోనే చదునువి, సమాంతరంగా ఉన్నవి ఉంటాయి, వాళ్ల కాళ్లు వాటికే అలవాటు. నువ్వు ఆదివారం కూర్చునేది ఏది అన్నదే లెక్క. అందుకని ముందు చర్చికి వెళ్లి ఆ పెడల్స్‌ని పైనుంచి ఒకటి, పక్కనుంచి ఒకటి ఫోటో తీసుకో. ఇంటికొచ్చేది అలాగే ఉండాలి.

పెడల్స్ ఎన్ని అన్నది రెండో మాట. మీ చర్చిలో 30, అంటే కింది సీ నుంచి పై ఎఫ్ దాకా. అమెరికా పద్ధతిలో 32, పైన జీ దాకా వెళ్తాయి. 30కి తగ్గొద్దు. జర్మన్ స్వరకర్త బాక్ రాసిన ఎఫ్ మేజర్ టొకాటాలో పెడల్ సోలో ఆ పై ఎఫ్ దాకా ఎక్కుతుంది, అది నువ్వు వాయించడానికి చాలా ఏళ్లు పడుతుందిలే, కానీ ఆ మెట్టు అసలు లేనే లేదంటే బాధగా ఉంటుంది. ఇంకో జాగ్రత్త, సెకండ్ హ్యాండ్ ప్రకటనల్లో రెండు మాన్యువల్స్ ఆర్గన్ అని చూసి పరిగెత్తకు. స్పినెట్ అనే ఇంటి ఆర్గన్లకీ రెండు మాన్యువల్స్ ఉంటాయి, కానీ ఒక్కోదానికి 44 మీటలే, పైది కిందిదానికి పక్కకి జరిగి ఉంటుంది, పెడల్స్ 13 మాత్రమే. ఉచితంగా ఇచ్చినా తెచ్చుకోకు. ఒక్కో మాన్యువల్‌కి 61 మీటలు ఉండాలి, అంటే ఐదు ఆక్టేవులు.

ఇక నీ ఎడమచెయ్యి సంగతి. మన చర్చిల్లో కీబోర్డ్ నేర్చినవాళ్లందరిదీ ఒకటే కథ, రిథమ్ ఆన్ చేసి, కుడిచేత్తో పాట, ఎడమచేత్తో కార్డ్ (కలిపి నొక్కే స్వరాలు), శ్రుతి కుదరకపోతే ట్రాన్స్‌పోజ్ బటన్ ఒక్క నొక్కు. ఇప్పుడు బేస్ (అన్నిటికన్నా కింది స్వరం) పని కాళ్లది. ఎడమచెయ్యి ఆ పని మానేసి మధ్య స్వరం, టెనర్ అంటారే అది పట్టుకోవాలి. మొదటి మూడు నెలలు కాలు ఏం చేస్తే చెయ్యీ అదే చేస్తానంటుంది, మొండిపిల్లలా. దీనికి మందు రోజూ అరగంట పెడల్స్ మీద కూర్చోవడం ఒక్కటే, ఇల్లు దాటకుండా అది కుదరాలనే కదా నువ్వు ఆర్గన్ కొంటున్నది. డిజిటల్ ఆర్గన్లలోనూ ట్రాన్స్‌పోజర్ ఉంటుంది, దానిమీద ఒక స్టిక్కర్ అంటించేసి మర్చిపో, మీ చర్చి పైపులకి ఆ బటన్ లేదు. మీటల స్పర్శ కూడా చూసుకో. పియానోలా గట్టిగా నొక్కితే గట్టిగా పలకడం ఉండదు, ఎలా నొక్కినా ఒకటే చప్పుడు, వదిలేదాకా మోగుతూనే ఉంటుంది, వదిలిన క్షణం ఆగిపోతుంది. అంటే నీ సంగీతమంతా వేలు ఎప్పుడు ఎత్తావు అన్నదాంట్లో ఉంది. కొన్ని మీటలు నొక్కగానే మొదట్లో చిన్న అడ్డు తగిలి తర్వాత తేలిగ్గా దిగుతాయి, పాత పైపుల ఆర్గన్ల మెకానికల్ స్పర్శకి దగ్గరగా ఉండాలని అలా చేస్తారు. బాగుంటుంది, కానీ పెడల్ ఆకారం సరిగ్గా ఉండి ఇది లేకపోతే కొంప మునిగేదేం లేదు.

స్టాప్‌ల దగ్గరికొద్దాం. 45 ఉన్నాయని మురిసిపోయావు. చర్చిలో హిమ్, అంటే ఇంగ్లిష్ కీర్తన, వాయించేటప్పుడు నువ్వు లాగేవి ఎన్ని? గ్రేట్‌లో, అంటే కింది మాన్యువల్లో, 8 అడుగుల డయపేసన్, అదే ఆర్గన్ అసలు గొంతు, దానిపైన 4 అడుగులది, 2 అడుగులది, గట్టిగా పాడేటప్పుడు ఒక మిక్స్చర్, అంటే పైస్వరాలు కొన్ని కలిసి పలికేది. స్వెల్‌లో, అంటే పై మాన్యువల్లో, ఒకటి రెండు ఫ్లూట్లు, ఒక తీగ స్వరం, ఒక ఓబో, ఒక ట్రంపెట్. పెడల్లో 16 అడుగుల బోర్డన్, 8 అడుగులది ఒకటి. ఆపైన కప్లర్లు, అంటే స్వెల్‌ని గ్రేట్‌తో, గ్రేట్‌ని పెడల్‌తో కలిపేవి. ఈ అడుగుల లెక్క తెలియనివాళ్ల కోసం: 8 అడుగులంటే పియానో మీద మోగే ఎత్తులోనే, 4 అంటే ఒక ఆక్టేవు పైన, 16 అంటే ఒక ఆక్టేవు కింద. అన్నిటికన్నా కింది మీటకి ఆ పొడవు పైపు కావాలి కాబట్టి ఆ పేరు, అయితే బోర్డన్ పైపుకి పైన మూత ఉంటుంది, అందుకే 16 అని రాసి ఉన్నా కొలిస్తే 8 అడుగులే వస్తుంది. మంచివి 20 స్టాప్‌లుంటే నీ ఆదివారాలన్నీ గడిచిపోతాయి. నాలుగు స్టైళ్లు మార్చే బటన్ మొదటి వారం నొక్కుతావు, స్నేహితులొచ్చినప్పుడు నొక్కుతావు, అంతే.

అసలు స్వరం బాగుందో లేదో తెలియాలంటే అన్నీ లాగి దంచకు, షాపువాళ్లు చేసేది అదే, ఎంత మామూలు ఆర్గనైనా అన్నీ లాగితే గంభీరంగానే ఉంటుంది. గ్రేట్‌లో డయపేసన్ ఒక్కటే లాగి నాలుగు స్వరాల హిమ్ ఒకటి నెమ్మదిగా వాయించు, ప్రతిధ్వని, అదే రివర్బ్, పూర్తిగా ఆపేసి. ఒక్క మీట పది సెకన్లు పట్టుకో. స్వరం ప్రాణంతో ఉన్నట్టుందా, లేక పాత రికార్డింగు తిరిగి తిరిగి మొదలవుతున్నట్టు ఒకే చోట తడబడుతోందా? పక్కపక్క మీటలు నొక్కితే అన్నీ ఒకే అచ్చులో పోసినట్టున్నాయా, లేక చిన్నచిన్న తేడాలున్నాయా? నిజం పైపులకి ఆ తేడాలుంటాయి. 1971లో అమెరికాలో ఎలెన్ కంపెనీ తొలి డిజిటల్ ఆర్గన్ తెచ్చినప్పటికీ ఇప్పటికీ చాలా దూరం వచ్చాం. డచ్ కంపెనీ జొహానస్ లాంటివాళ్లు నిజం పైపుల రికార్డింగులు వాడతారు, ఇటలీ వైకౌంట్ వాళ్లు కొన్ని మోడళ్లలో రికార్డింగు లేకుండా పైపు ఎలా పలుకుతుందో అక్కడికక్కడే లెక్కగట్టి పలికిస్తారు. ఏది గొప్ప అని జనం రాత్రింబవళ్లు కొట్టుకుంటారు, నువ్వు కళ్లు మూసుకుని విని నచ్చింది తీసుకో.

చంటిపాప ఉంది, ఉమ్మడి గోడ ఉంది, కాబట్టి నీ ఆర్గన్‌కి స్పీకర్ల కన్నా హెడ్‌ఫోన్సే ముఖ్యం. పైగా 16 అడుగుల స్టాప్‌లో అన్నిటికన్నా కింది సీ అంటే సెకనుకి 33 కంపనాలు, దాన్ని కన్సోల్ (మీటలు, స్టాప్‌లు ఉండే పెట్టె) కింద బిగించిన చిన్న స్పీకర్లు పలికించలేవు, నీకు వినిపించేది దాని పైస్వరాలే. అదే స్వరం చెవులు మూసే మంచి హెడ్‌ఫోన్స్‌లో గుమ్మని వినిపిస్తుంది. బ్లూటూత్‌వి వద్దు, మీట నొక్కడానికీ చప్పుడు రావడానికీ మధ్య ఆలస్యం ఉంటుంది, వైరు ఉన్నవే తీసుకో. నాకు ఆలస్యంగా తెలిసింది ఇంకోటుంది. హెడ్‌ఫోన్స్ పెట్టుకున్నావు కాబట్టి ఇల్లంతా నిశ్శబ్దం అనుకుంటావు, కానీ పెడల్స్ దబదబ నేలలోకి దిగిపోతుంది. మా కింది గదిలో కూర్చున్న మా ఆవిడకి పాటేమీ వినిపించేది కాదు, ఎవరో బియ్యం దంచుతున్నట్టు మాత్రం వినిపించేది. మేడమీద పెట్టకు, ఉమ్మడి గోడకి ఆనించకు, కింద దళసరి రబ్బరు మ్యాట్, దానిపైన తివాచీ వెయ్యి.

మూడో దారి, కంప్యూటర్ ఆర్గన్. నువ్వు సాఫ్ట్‌వేర్‌వాడివి, నా భయం కూడా అదే. హాప్ట్‌వర్క్ అనే ప్రోగ్రాం 2002 నుంచి ఉంది, గ్రాండ్ఆర్గ్ అని ఉచితంగా దొరికేదీ ఉంది, పెద్ద పెద్ద కేథడ్రల్ ఆర్గన్లని పైపు పైపుగా రికార్డు చేసి వాటిలో పెట్టుకోవచ్చు, వింటే ఒళ్లు జలదరిస్తుంది, కాదనను. కానీ ఇలా కట్టుకున్నవాళ్లని ఇద్దరు ముగ్గుర్ని దగ్గర్నుంచి చూశాను. రాత్రి పదింటికి సాధనకి కూర్చుంటారు, ఒక అప్‌డేట్ వచ్చి ఉంటుంది, సౌండ్ కార్డు పలకదు, పదకొండున్నరకి పలుకుతుంది, అప్పటికి ఆనందం పట్టలేక ఇంకో శాంపిల్ సెట్, అంటే ఇంకో ఆర్గన్ రికార్డింగులు, దించుకుంటారు. పెడల్ మీద కాలు పెట్టరు. నువ్వు అలాంటివాడివి కాదంటే సంతోషమే, కానీ ఆదివారం దగ్గరపడుతున్నవాడికి స్విచ్ వేస్తే పలికే వస్తువు కావాలి. ఆ మోజు తీర్చుకోవడానికి తర్వాత కూడా దారి ఉంది, మిడి ఇన్, మిడి అవుట్ ఉన్న ఆర్గన్ కొంటే రెండేళ్ల తర్వాత దానికే కంప్యూటర్ తగిలించుకోవచ్చు.

కాబట్టి నా మాట, ఆ రిటైరైన ఆయన ఇంట్లో ఉన్న 20 ఏళ్లది, దాని పెడల్ బోర్డు మీ చర్చిదానిలా ఉంటే. కొత్తది చెడ్డదని కాదు, దానికే విచ్చుకున్న పెడల్ బోర్డు అదనపు డబ్బుకి వేసిస్తారేమో అడుగు, వేసిస్తానంటే, ఒక పాత కారు కొన్నంత ఖర్చుకి నువ్వు సిద్ధమైతే, అదీ సరే. కానీ మొదటి ఆర్గన్‌కి అంత పెట్టాలని నాకనిపించదు, రెండేళ్ల తర్వాత నీ చెవి మారుతుంది, అప్పుడు నీకేం కావాలో నీకే తెలుస్తుంది.

పాతది చూడ్డానికి వెళ్లినప్పుడు తొందరపడకు. ముందే వేడెక్కించి పెట్టొద్దని ఆయనతో చెప్పు, నువ్వు వెళ్లాకే స్విచ్ వెయ్యమను, చల్లగా ఉన్నప్పుడే జబ్బులు బయటపడతాయి. ఒక్క స్టాప్ లాగి మీటలన్నీ ఒక్కొక్కటిగా నొక్కు, రెండు మాన్యువల్స్ కలిపి 122, పెడల్స్ 30, పది నిమిషాల పని. పలకనిదీ, రెండుసార్లు పలికేదీ, వదిలినా ఆగనిదీ ఉంటే కాగితం మీద రాసుకో. ఒకటి రెండు ఉంటే భయం లేదు, కాంటాక్టుల్లో దుమ్ము, మనిషొచ్చి శుభ్రం చేస్తాడు, ధర తగ్గించమని అడగడానికి పనికొస్తుంది. పిస్టన్లు, అదే మాన్యువల్స్ కింద ఉండే చిన్న బటన్లు, వాటిలో నీకు కావాల్సిన స్టాప్‌లు దాచుకుని, ఆర్గన్ ఆపేసి, పది నిమిషాలాగి మళ్లీ వేసి చూడు. దాచినవి పోయాయంటే లోపల బ్యాటరీ అయిపోయి ఉండొచ్చు. స్వెల్ పెడల్‌ని ఆక్సిలరేటర్‌లా నెమ్మదిగా నొక్కుతూ పో, చప్పుడు సాఫీగా పెరగాలి, గరగరమనకూడదు. హెడ్‌ఫోన్స్ పెట్టుకుని ఏమీ వాయించకుండా ఒక నిమిషం కూర్చో, బుస్సుమని శబ్దం ఎంతుందో విను, ఆ బుసతోనే నువ్వు ఏళ్ల తరబడి ఉండాలి.

టేపు పట్టుకెళ్లు. కన్సోల్ వెడల్పు, లోతు, ఎత్తు కొలిచి నీ ఇంటి తలుపు, వరండా మలుపు కొలతలతో సరిచూసుకో, ఇక్కడి ఇళ్ల గుమ్మాలు ఎంత సన్నగా ఉంటాయో నీకు తెలుసు. పెడల్ బోర్డు విడిగా వస్తుంది, పుస్తకం పెట్టే స్టాండ్ ఊడుతుంది, అయినా కన్సోల్ నలుగురు మోయాల్సిన బరువు. నలుగురు స్నేహితులకి బిర్యానీ ఆశ చూపిస్తే సరిపోదు, కన్సోళ్లు మోయడం అలవాటున్న మనుషుల్ని పెట్టుకో. బూట్లు కూడా పట్టుకెళ్లు, పల్చటి తోలు అడుగు, చిన్న మడమ ఉన్నవి. మన దగ్గర చెప్పులు బయట విడిచి గుళ్లోకి వెళ్లే అలవాటు కదా, నేను మొదట్లో సాక్సులతోనే వాయించేవాణ్ణి, మడమ ఎత్తు లేకపోతే పెడల్ మీద ఎక్కడున్నామో కాలికి తెలియదు. ఈ బూట్లు బయట తిరగడానికి వాడకు, ఒక్క ఇసుకరేణువు చాలు పెడల్స్ గీసుకుపోవడానికి.

గుంటూరు సంగతి రాశావు. కరెంటు అక్కడా ఇక్కడా 230 వోల్టులే, ట్రాన్స్‌ఫార్మర్ అక్కర్లేదు, కానీ వోల్టేజి ఎగుడుదిగుడులకి స్టెబిలైజర్ కావాలి, మే నెల ఎండలకీ వానాకాలం చెమ్మకీ లోపలి బోర్డులు ఎంతకాలం ఉంటాయో దేవుడికెరుక, పాడైతే చూసే మనిషి అక్కడ దొరకడం కష్టం. అంతకన్నా పెద్ద మాట, మన కీర్తనలు రాగాల్లో ఉన్నాయి, తబలాతో నడుస్తాయి, పాడేవాళ్లు స్వరం మీదనుంచి స్వరం మీదికి జారుతూ వెళ్తారు, ఆర్గన్ జారదు. మా ఊరి చర్చిలో వెనక మూల ఒక కాళ్లతో తొక్కే హార్మోనియం ఉండేది, ఏ దొరగారి కాలంలోదో, దాని తిత్తులు ఎలుకలు కొరికేశాయి, పైన తెల్లగుడ్డ కప్పి పూలకూజా పెట్టేవాళ్లు. మీ పాస్టర్ అయ్యగారిని అడిగి చూడు, సంతోషంగా పంపించమంటారు, ఆ తర్వాత నీ ఆర్గన్ మీద కూడా కూజా పెడతారు. ఇక్కడే ఉంచుకో, అక్కడికి ఒక మంచి కీబోర్డు పంపించు.

మర్చిపోయాను, బెంచీ. ఆర్గన్‌తో పాటు బెంచీ ఇస్తున్నారో లేదో, ఎత్తు మార్చుకునే వీలుందో లేదో డబ్బు కట్టకముందే అడుగు. నాది బెంచీ లేకుండానే వచ్చింది, మూడు వారాలు డైనింగ్ కుర్చీ కింద పాత పుస్తకాలు పేర్చి వాయించాను, కింది సీ అందుకోబోయినప్పుడల్లా పుస్తకాలు ఒక పక్కకి జారేవి.